మంచినీళ్లలో పాసైన ఫోన్

మే నెలలో మా ఊళ్లో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరం మొత్తం వేట నిషేధం. సెమిస్టర్ పరీక్షలు అయ్యాక నేను భావనపాడు వెళ్లేసరికి మావయ్య కమ్మల పాక నీడలో కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. నన్ను చూడగానే లోపలికెళ్లి పాలిథీన్ కవర్లో చుట్టిన ఒక ఫోన్ తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఏరా అల్లుడూ, నువ్వు కంప్యూటర్ సదువుతున్నావు కదా. ఇది ఎందుకు సచ్చిపోనాదో సెప్పు."

ఛార్జింగ్ పెట్టే చోట చూస్తే లోపల పచ్చగా చిలుం పట్టి ఉంది. అంచుల్లో తెల్లటి పొడి. ఏ కంపెనీ ఫోనో ఇక్కడ అనవసరం. పెట్టె మీద మాత్రం ఐపీ68 అని పెద్దగా ఉంది. షాపులో "నీళ్లలో పడినా ఏం కాదు" అన్నారట. అందుకే నాలుగు వేలు ఎక్కువైనా ఇదే కొన్నాడు. ఏడాది కూడా పనిచేయలేదు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే లోపలికి నీళ్లు వెళ్లాయి, వారంటీ వర్తించదు అని తిప్పి పంపారు.

"నీళ్లలో టెస్ట్ సేసినామని ఆళ్లే రాసినారు. నీళ్లెల్లి పాడైతే మాకు సంబంధం లేదని ఆళ్లే అన్నారు. మరి ఆళ్లు టెస్ట్ సేసింది ఏటి?"

నా దగ్గర సమాధానం లేదు. నాకు టెస్టింగ్ అంటే ల్యాబ్‌లో రాసే టెస్ట్ కేసులే. ఇన్‌పుట్ ఇస్తే అవుట్‌పుట్ వచ్చిందా లేదా, అంతే. ఒక వస్తువుని ఎలా టెస్ట్ చేస్తారో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ సెలవుల్లో కూర్చుని చదివాను. నాకు అర్థమైనంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

ఇడ్లీ రేకు దగ్గర మొదలు

ఫోన్ ఫ్యాక్టరీ అంటే చైనా అనుకుంటాం కానీ మన రాష్ట్రానికి ఇది కొత్త కాదు. 2015 ఆగస్టు 10న షావోమీ కంపెనీ ఇండియాలో తయారైన తన మొదటి ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్‌ని మన విశాఖపట్నంలోనే విడుదల చేసింది. దాన్ని తయారుచేసింది తమిళనాడు సరిహద్దు దగ్గరున్న శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో. ఏ కంపెనీది అయినా ఫోన్ తయారీలో పరీక్షలు దాదాపు ఒకే వరసలో జరుగుతాయి.

ముందు సర్క్యూట్ బోర్డు. ఖాళీ బోర్డు మీద చిన్న చిన్న చుక్కలుగా సోల్డర్ పేస్ట్ పూస్తారు. పేస్ట్ మీద చిప్పులు, రెసిస్టర్లు మెషిన్ పెడుతుంది. తర్వాత బోర్డు ఓవెన్‌లోకి వెళ్తే పేస్ట్ కరిగి అతుక్కుంటుంది. సీసం లేని సోల్డర్ సుమారు 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది.

మొదటి పరీక్ష ఓవెన్‌కి ముందే. ఇడ్లీ రేకులో పిండి వేశాక అమ్మ ఒకసారి చూస్తుంది కదా, ఏ గుంటలో తక్కువైంది, ఏది పొంగి పక్కదానిలో కలుస్తుందని. ఇదీ అంతే. ప్రతి చుక్క ఎత్తు, పరిమాణం కెమెరాతో కొలుస్తారు. తక్కువైతే అతుకు బలంగా ఉండదు, ఎక్కువైతే పక్క చుక్కతో కలిసి షార్ట్ అవుతుంది. ఉడికాక సరిచేయడం కంటే ముందే తుడిచి మళ్లీ వేయడం చవక.

ఓవెన్ తర్వాత ఇంకో కెమెరా ప్రతి బోర్డునీ చూస్తుంది. చిప్ వంకరగా ఉందా, తిరగబడిందా, అసలు ఉందా అని మంచి బోర్డు ఫొటోతో పోల్చి చెబుతుంది. కానీ ప్రాసెసర్‌లాంటి పెద్ద చిప్పుల అతుకులు చిప్ కిందే ఉంటాయి, పైనుంచి కనిపించవు. వాటికి ఎక్స్‌రే తీస్తారు. ఆ తర్వాత బోర్డుకి కరెంట్ ఇచ్చి వోల్టేజీలు కొలుస్తారు, సిగ్నల్ పంపి అందుకునే భాగాన్ని సరిచేస్తారు.

ఇవి కాక స్క్రీన్, కెమెరా, బ్యాటరీ వేరే కంపెనీల నుంచి వస్తాయి. వచ్చినప్పుడే వాటికో తనిఖీ ఉంటుంది. అన్నీ బిగించాక మళ్లీ పరీక్ష. స్క్రీన్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేసి చచ్చిన చుక్కలు వెతుకుతారు. గీతలున్న చార్ట్‌ని కెమెరాతో తీసి ఫోకస్ చూస్తారు. శబ్దం రాని పెట్టెలో పెట్టి స్పీకర్ మోగిస్తే మైక్ విన్నదా అని చూస్తారు. టచ్, ఛార్జింగ్, వైబ్రేషన్, సెన్సర్లు కూడా చూస్తారు. కొన్ని గంటలు ఆపకుండా నడిపి వేడెక్కుతుందా అనీ చూస్తారు. ఇవన్నీ సాధారణంగా ప్రతి ఫోన్‌కీ జరిగే పరీక్షలు.

మొప్ప ఎత్తి చూడటం

కొన్ని పరీక్షలు ప్రతి ఫోన్‌కీ చేయలేరు. అగ్గిపుల్ల వెలుగుతుందో లేదో తెలియాలంటే గీయాలి, గీస్తే ఇంక అమ్మడానికి ఉండదు. ఫోన్‌ని ఎత్తు నుంచి పడేయడం, వంచడం, వేడిలో తేమలో రోజుల తరబడి ఉంచడం అలాంటివే. యూఎస్‌బీ టైప్ సీ పోర్టు 10,000 సార్లు పెట్టి తీసినా పనిచేయాలని దాని ప్రమాణం చెబుతుంది. అది తేల్చడానికి మెషిన్ నిజంగానే అన్నిసార్లు పెట్టి తీస్తుంది. ఆ పోర్టుని తర్వాత ఎవరికి అమ్ముతాం?

అందుకే కొన్నింటినే తీసి చూస్తారు. మా ఒడ్డు మీద పాటలో చేపలు కొనేవాళ్లు కూడా ఇదే చేస్తారు. గంపలో ఉన్న చేపలన్నీ చూడరు. రెండు మూడు తీసి మొప్ప ఎత్తి ఎర్రగా ఉందా అని చూసి గంప మొత్తానికీ ధర చెబుతారు.

ఫ్యాక్టరీలో దీనికో లెక్క ఉంది. ఐఎస్ఓ 2859 అనే ప్రమాణంలో పట్టికలు ఉంటాయి. మన భారతీయ ప్రమాణం పేరు ఐఎస్ 2500. ఉదాహరణకి 5,000 ఫోన్ల లాట్ ఉందనుకుందాం. మామూలు స్థాయి తనిఖీ అయితే పట్టిక ప్రకారం అందులో 200 తీసి చూడాలి. ఒప్పుకునే లోపాల స్థాయి 1 శాతం అని పెట్టుకుంటే, ఆ 200లో 5 దాకా చెడ్డవి వచ్చినా లాట్ పాస్. 6 వస్తే లాట్ మొత్తం ఫెయిల్.

నేను నాలుగు లైన్ల పైథాన్ రాసి చూశాను. లాట్‌లో నిజంగా 50 చెడ్డ ఫోన్లు, అంటే 1 శాతం ఉంటే, ఆ లాట్ వందలో దాదాపు 98 సార్లు పాసవుతుంది. సరే, అది ముందే ఒప్పుకున్న స్థాయి. 150 చెడ్డవి ఉంటే? అప్పుడు కూడా వందలో దాదాపు 44 సార్లు పాసవుతుంది! రెండుసార్లు రన్ చేశాను, కోడ్ తప్పేమో అని. తప్పు కాదు. ఇది మోసం కూడా కాదు. అన్నీ పగలగొట్టి చూడలేనప్పుడు ఎంత రిస్క్ తీసుకుంటున్నామో ముందే ఒప్పుకుని రాసుకున్న లెక్క. వరసగా లాట్లు ఫెయిలైతే తనిఖీని బిగించే నియమం కూడా అందులోనే ఉంది. కాకపోతే ఆ 150లో ఒకటి కొన్నవాడికి మాత్రం ఫోన్ వంద శాతం చెడ్డదే.

అడగని ప్రశ్న

పరీక్షలు ఎన్ని ఉన్నా, అడగని ప్రశ్నకి సమాధానం రాదు. దీనికి ప్రపంచమంతా చూసిన ఉదాహరణ శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7. 2016 ఆగస్టులో వచ్చింది, కొన్ని వారాల్లోనే బ్యాటరీలు కాలిపోవడం మొదలైంది. సెప్టెంబరు 2న అమ్మకాలు ఆపి, వేరే సరఫరాదారు బ్యాటరీతో మార్చి ఇచ్చారు. అవీ కాలాయి. అక్టోబరులో ఆ ఫోన్ తయారీనే ఆపేశారు.

కారణం వెతకడానికి కంపెనీ దాదాపు 2 లక్షల ఫోన్లు, 30 వేల విడి బ్యాటరీలు పెట్టి పరీక్షించింది. 2017 జనవరిలో ఫలితం చెప్పారు. మొదటి రకం బ్యాటరీలో ఒక మూల ఎలక్ట్రోడ్ వంగిపోయింది. రెండో రకంలో వెల్డింగ్ దగ్గర మిగిలిన మొనలు లోపలి పొరని చీల్చాయి. రెండు కంపెనీలు, రెండు వేర్వేరు లోపాలు. ఆ తర్వాత బ్యాటరీకి ఎక్స్‌రేతో సహా ఎనిమిది అంచెల తనిఖీ పెట్టారు. ప్రమాదం జరిగాక ప్రశ్నపత్రంలో కొత్త ప్రశ్నలు చేరాయన్నమాట.

ఇప్పుడు మావయ్య ప్రశ్న దగ్గరికి వద్దాం. నీళ్ల పరీక్షలో అడిగిన ప్రశ్న ఏది?

ఐపీ68 అంటే నిజంగా ఏంటి?

ఐపీ రేటింగ్ ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణం నుంచి వచ్చింది. రెండు అంకెలు విడివిడిగా చదవాలి, అరవై ఎనిమిది అని కాదు. మొదటి అంకె దుమ్ముకి. 6 అంటే సన్నటి టాల్కం పొడి ఎగిరే పెట్టెలో పెట్టినా లోపలికి పొడి వెళ్లలేదు. రెండో అంకె నీళ్లకి. 7 అంటే ఒక మీటరు లోతులో 30 నిమిషాలు. 8 అంటే అంతకంటే కఠినమైన పరీక్ష, కానీ ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారీదారు చెప్పాలి. కాబట్టి రెండు ఐపీ68 ఫోన్లు ఒకటే అనుకోకూడదు.

అసలు మాట ఇంకోటి. ఆ నీళ్లు మంచినీళ్లు. కదలని నీళ్లు. ఫోన్ కొత్తది. మావయ్య ఫోన్ పెట్టె అడుగున చిన్న అక్షరాల్లో అది రాసే ఉంది, మంచినీటిలో, ల్యాబ్ పరిస్థితుల్లో అని. ఉన్నది ఇంగ్లిష్‌లో, చీమ తలకాయంత సైజులో. ఐపీ68 మాత్రం వేలెడంత.

ఈ ముంచే పరీక్ష కూడా ప్రతి ఫోన్‌కీ చేయరు. నమూనాలకే చేస్తారు. లైన్‌లో వచ్చే ఫోన్లకి గాలి పరీక్ష ఉంటుంది. ఫోన్‌ని గట్టిగా మూసిన పెట్టెలో పెట్టి గాలి ఒత్తిడి మార్చి, ఆ ఒత్తిడి నిలబడుతుందా అని చూస్తారు. సైకిల్ ట్యూబ్‌కి పంక్చర్ చూసినట్టే, నీళ్ల తొట్టి బదులు మీటరు. అది ఆ రోజు సీల్ బాగుందని చెబుతుంది. సీల్ అంటే జిగురు, రబ్బరు. ఎండకి, దెబ్బలకి, కాలానికి అది వదులవుతుంది. అడిగితే తెలిసింది, మావయ్య ఒకసారి అద్దం పగిలితే బయట షాపులో మార్పించాడు. విప్పి మళ్లీ అతికించిన ఫోన్‌కి ఫ్యాక్టరీ గాలి పరీక్ష మళ్లీ ఎవరు చేస్తారు? ఆ రోజే ఐపీ68 అయిపోయి ఉండొచ్చు. పెట్టె మీద అంకె మాత్రం మారలేదు.

పోర్టులో ఒక బుల్లి నౌపడ

ఉప్పుతో తేడా ఏంటి? మా పక్కనే నౌపడ ఉప్పు మడులు ఉన్నాయి కాబట్టి ఇది నాకు తేలిగ్గానే ఎక్కింది. సముద్రపు నీళ్లు కట్టి వదిలేస్తే నీరు ఎండకి పోతుంది, ఉప్పు మిగులుతుంది. లీటరు సముద్రపు నీటిలో సగటున 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. ఛార్జింగ్ పోర్టులో పడిన ఒక చుక్క కూడా అదే చేస్తుంది. ఆరిపోయింది కదా అనుకుంటాం. నీరే పోయింది. ఉప్పు లోపలే ఉంది.

వానాకాలం వంటింట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లుతుంది కదా. పోర్టులో ఉప్పు కూడా గాలిలోంచి తేమ పీల్చి మళ్లీ తడవుతుంది. ఉప్పునీరు మంచినీటి కంటే దాదాపు వంద రెట్లు బాగా కరెంట్‌ని పోనిస్తుంది. ఇప్పుడు ఛార్జర్ పెడితే పిన్నుల మధ్య 5 వోల్టులు. పదో తరగతిలో చదివిన ఎలక్ట్రాలిసిస్ పోర్టులోనే మొదలవుతుంది. పిన్ను మీది సన్నటి బంగారు పూత దెబ్బతిని కింద ఉన్న రాగి కరుగుతుంది. ఆ పచ్చ చిలుం అదే. ఫోన్ సముద్రంలో పడకపోయినా, రోజూ తగిలే ఉప్పుగాలి, తడి చేతులు చాలు.

ఉప్పుకి పరీక్ష లేదా అంటే ఉంది. సాల్ట్ మిస్ట్ టెస్ట్ అంటారు. 5 శాతం ఉప్పునీటిని మంచులా చల్లి, 35 డిగ్రీల వేడిలో గంటల తరబడి లోహపు భాగాలని ఉంచి తుప్పు చూస్తారు. కానీ అది వేరే ప్రమాణం, వేరే పరీక్ష. ఐపీ68 అంకెలో అది లేదు. కాబట్టి మావయ్య ఫోన్ పరీక్షలో దొంగ మార్కులతో పాసవలేదు. వేరే సబ్జెక్టులో పాసైంది.

ఇదే మావయ్యకి చెప్పాను. కాసేపు వల కండె అలాగే పట్టుకుని, "అయితే మేం కొన్నప్పుడు ఆ మాట షాపోడు సెప్పాలి కదా" అన్నాడు. దానికి నా దగ్గర పైథాన్ లేదు.

ఇది ఫోన్ సంగతి మాత్రమే కాదు

సిటీలో ఫోన్ పోతే రీల్స్ ఆగుతాయి. బోటు మీద ఫోన్ పోతే దారి పోతుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే చోట్ల వివరాలు, అలల ఎత్తు, తుఫాను హెచ్చరికలు జాలర్లకి ఇస్తుంది. కానీ ఒడ్డు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే టవర్ సిగ్నల్ ఉండదు. అందుకే 2019 అక్టోబరులో జెమినీ అనే చిన్న పరికరం తెచ్చారు. గగన్ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా వచ్చే హెచ్చరికని అది అందుకుంటుంది. అందుకుని ఏం చేస్తుంది? బ్లూటూత్‌తో ఫోన్‌కి పంపుతుంది. ఫోన్‌లోని యాప్‌లోనే చదవాలి. అంటే అంతరిక్షం నుంచి వచ్చిన మాట చివరికి మావయ్య జేబులోని ఛార్జింగ్ పోర్టు మీద ఆధారపడి ఉంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మా జిల్లాలోనే, పలాస దగ్గర తీరం దాటింది. నేనప్పుడు స్కూల్ పిల్లాణ్ని. గాలి చప్పుడు గుర్తుంది, తర్వాత రోజుల తరబడి కరెంటు లేకపోవడం గుర్తుంది. పెద్దవాళ్లందరూ ఎవరి ఫోన్‌లో ఛార్జింగ్ ఉంది అని ఇంటింటికీ అడగడం ఇంకా బాగా గుర్తుంది. ఇలాంటి తీరంలో ఉప్పు తట్టుకోవడం అన్నది ఫోన్‌కి ఎక్స్‌ట్రా ఫీచర్ కాదు.

మరి ఏం చేయాలి?

నేను ఇంట్లో వాళ్లకి చెప్పినవి ఇవి.

కొనేటప్పుడు "వాటర్ ప్రూఫా?" అని అడగొద్దు. "ఏ నీళ్లలో, ఎంత లోతు, ఎంతసేపు? నీళ్లెళ్తే వారంటీ ఉందా?" అని అడగాలి. పెట్టె అడుగు చదివించుకోవాలి.

సముద్రం మీద ఫోన్ ఎప్పుడూ గట్టిగా మూసే వాటర్ ప్రూఫ్ పౌచ్‌లో ఉండాలి. ముందు పౌచ్‌లో టిష్యూ కాగితం పెట్టి బకెట్ నీళ్లలో అరగంట ముంచి చూడండి. కాగితం పొడిగా ఉంటేనే ఫోన్ పెట్టండి. ఇది మనం ఇంట్లో చేయగల క్వాలిటీ కంట్రోల్.

ఐపీ రేటింగ్ ఉండి, ఎప్పుడూ విప్పని ఫోన్ మీద ఉప్పునీళ్లు పడితే స్విచాఫ్ చేసి, కొంచెం మంచినీళ్లతో మెల్లగా కడిగి, తుడిచి, పోర్టు కిందికి ఉండేలా ఆరబెట్టాలి. పూర్తిగా ఆరేదాకా ఛార్జర్ పెట్టొద్దు. బియ్యం డబ్బాలో పెట్టొద్దు, ఉప్పుని బియ్యం లాగదు, పైగా పొడి పోర్టులోకి వెళ్తుంది. రేటింగ్ లేని ఫోన్‌ని మాత్రం కడగొద్దు. స్విచాఫ్ చేసి రిపేరుకి ఇవ్వాలి.

వేటకి వెళ్లే ముందు ఐదు నిమిషాలు పెట్టి ఫ్యాక్టరీ వాళ్ల పరీక్షే మళ్లీ చేయండి. ఛార్జింగ్ ఎక్కుతుందా, మాట వినిపిస్తుందా, మన మాట రికార్డవుతుందా, మ్యాప్‌లో మన చుక్క సరైన చోట ఉందా, బ్లూటూత్ కలుస్తుందా.

ఆ ఫోన్ మాత్రం బతకలేదు. పోర్టు మార్చినా బోర్డు దాకా చిలుం వెళ్లిపోయింది. నిషేధం అయిపోయే ముందు రోజు మావయ్య ఇంకో ఫోన్ కొన్నాడు, ఈసారి చవకది, దాంతోపాటు పౌచ్ ఒకటి, విడిగా ఒక బటన్ ఫోన్. షాపులో నన్ను పక్కన నిలబెట్టుకుని అడిగాడట అనుకోకండి, నేను వెళ్లేసరికే కొనేశాడు. షాపతను పౌచ్ చూపించి వాటర్ ప్రూఫ్ అన్నాడట.

"మరి నువ్వేమన్నావు మావయ్యా?"

"ఉప్పునీళ్లా, మంచినీళ్లా అనడిగినాను. ఆడు నా మొకం సూసినాడు."

సాయంత్రం పెరట్లో బకెట్‌లో సముద్రపు నీళ్లు, అందులో రాయి కట్టిన పౌచ్, పౌచ్‌లో టిష్యూ కాగితం. ఇద్దరం అరగంట కూర్చున్నాం. కాగితం ఒక మూల తడిసింది. మర్నాడు పొద్దున్నే మావయ్య ఆ పౌచ్ తిరిగిచ్చేసి వేరేది తెచ్చాడు.